గోడ చాటున నాలుగు సెకన్లు

ఫిబ్రవరి 28, ఉదయం 11.10

కాలు విరిగి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. మోకాలి నుంచి మడమ దాకా కట్టు, ఎముక లోపల స్టీలు కడ్డీ. ఇరవై నాలుగేళ్లుగా లిఫ్టులు బాగుచేసి జనాన్ని పైకీ కిందికీ పంపినవాణ్ణి. ఇప్పుడు మంచం మీంచి సోఫా దాకా రావాలంటే నన్ను ఇద్దరు పట్టుకోవాలి.

అమ్మాయి కాలేజీకి వెళ్తూ వెళ్తూ తన గేమ్ కన్సోల్‌ని టీవీకి తగిలించి, కంట్రోలర్ నా ఒళ్లో పడేసింది. పొద్దస్తమానం ఎదురింటివాళ్ల బట్టలు లెక్కపెడుతూ కూర్చోవడం కంటే ఇది నయమంది. నేను లెక్కపెట్టడం లేదు. చూస్తున్నానంతే.

మొదటిది తుపాకుల గేమ్. నేనొక సైనికుణ్ణి. శత్రువులెవరో, వాళ్లకీ మాకూ ఏం తగాదానో చెప్పలేదు. అరగంటలో పదకొండు సార్లు చచ్చాను. అందులో రెండు సార్లు నేను విసిరిన గ్రెనేడ్‌కి నేనే.

ఒక్కటి మాత్రం నచ్చింది. ఎన్ని తూటాలు తగిలినా సరే, గోడ చాటున నాలుగు సెకన్లు కూర్చుంటే గాయాలు వాటంతటవే మానిపోతాయి. స్క్రీన్ అంచుల్లో ఎరుపు చెరిగిపోతుంది. లేచి మళ్లీ పరుగు. మా డాక్టరుకి ఈ గేమ్ చూపించాలి.

పదికి మూడు మార్కులు.

మార్చి 1

కంట్రోలర్‌కి పదిహేడు బటన్లు ఉన్నాయి. మా కంపెనీ లిఫ్టుకి అయిదుంటేనే జనం తప్పుది నొక్కుతారు.

మార్చి 2, మధ్యాహ్నం 3.00

కార్ల గేమ్. బ్రేకు ఎందుకు పెట్టారో తెలియదు. వాడినవాణ్ణి నేనొక్కణ్ణే. చివర వచ్చినవాణ్ణీ నేనే.

మార్చి 5, సాయంత్రం

కత్తి గేమ్ మొదలుపెట్టాను. మూడు రోజులుగా చేసింది ఒకటే పని: చావడం. కోట తలుపు ముందు ఇనప కవచం తొడుక్కున్న కాపలావాడు ఒకడుంటాడు. నాకంటే మూడింతలు పొడుగు. వాణ్ణి దాటితే గానీ లోపలికి పోలేం. నేను వాడికి 'తలుపాయన' అని పేరు పెట్టాను. ఇద్దరం తలుపుల మీద బతికేవాళ్లమే.

అమ్మాయి స్నేహితులు ఈ గేమ్‌ని తిడతారట, మరీ కష్టమని. నాకు అలా అనిపించలేదు. తుపాకుల గేమ్‌లో ఎవడు ఎక్కణ్ణించి కాల్చాడో తెలియకుండా పోతాం. ఇక్కడ అలా కాదు. తలుపాయన మోసం చెయ్యడు. కత్తి ఎత్తుతాడు, ఒక క్షణం ఆగుతాడు, అప్పుడు కొడతాడు. ఆ క్షణంలో నేను పక్కకి జరగలేదంటే తప్పు నాది. నలభై ఒక్కసారి చచ్చాను, నలభై ఒకటీ నా తప్పులే. ఇంత నిజాయితీ గల ఆటని నేను చూడలేదు.

మార్చి 8, సాయంత్రం 6.30

తలుపాయన పడిపోయాడు!

ఘనత మా ఆవిడది. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా లేదా చూసి సరిచేయడం ఆమె పని. రోజూ ఆరింటికి వచ్చి బ్యాగు పక్కన పెట్టి, నా వెనక నిలబడి రెండు నిమిషాలు చూసి, ఇంకా ఇక్కడే ఉన్నారా అని లోపలికి పోతుంది. ఇవాళ పోలేదు. కాసేపు చూసి, కత్తిని చూడకండి, భుజాన్ని చూడండి అంది. కత్తి లేవడానికి ముందే వాడి ఎడమ భుజం కాస్త లేస్తోందట. షాపులో కదలకుండా కూర్చోమంటే ఎవరు ఎప్పుడు కదలబోతారో భుజమే పట్టిస్తుందట.

భుజాన్నే చూశాను. మూడో ప్రయత్నంలో పడ్డాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టి, వెంటనే పాపం అంది. ఎవరికని అడిగితే, వాడికే, ఎన్నాళ్లుగా నిలబడ్డాడో ఏమో, కూర్చోవడానికి కుర్చీ అయినా లేదు అంది.

పదికి పది. ఒక మార్కు ఆమెది.

మార్చి 11, ఉదయం

కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ ఫోన్ చేశాడు. ఏప్రిల్ పద్నాలుగున విచారణ. నేను ఆస్పత్రిలో ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించి, అక్కడికి వచ్చి సంతకం పెడితే చాలన్నాడు.

వాంగ్మూలంలో ఉన్నది ఇదీ. మూడో అంతస్తులో నేను తాళంచెవితో లిఫ్టు తలుపు తెరిచాను. పైన మెషీన్ రూములో నా బామ్మర్ది ఉన్నాడు. లిఫ్టు పెట్టెని పైకి తెచ్చి, దాని కప్పు నా కాళ్ల ముందుకొచ్చేలా ఆపాలి. ఆపాక వాకీటాకీలో 'ఆగింది' అని చెప్పాలి. అప్పుడు నేను కప్పు మీద కాలు పెట్టాలి. అతను 'ఆగింది' అన్నాడు, నేను కాలు పెట్టాను, పెట్టె ఇంకా ఒక అంతస్తు కిందే ఉంది.

బామ్మర్ది అంటే మా ఆవిడ తమ్ముడు. ఆరడుగుల మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు, అయినా ఇంట్లోనూ పనిలోనూ అందరికీ బుడ్డోడే. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడి సైటు పర్మిట్ ఆపేసి స్టోర్స్‌లో వేశారు. విచారణలో తేలితే ఇక ఎప్పటికీ లిఫ్టు దగ్గరికి రానివ్వరు. మా ఆవిడ ఆస్పత్రి వరండాలోనే వాడితో అనేసింది, మా గుమ్మం తొక్కొద్దని. వాడు నోట్లో నాలుక లేని మనిషి.

ఇవాళ ఏ గేమూ ఆడలేదు.

మార్చి 13, సాయంత్రం 5.00

దయ్యాల గేమ్. పాడుబడిన ఆస్పత్రిలో చచ్చినవాళ్లు లేచి మూలుగుతూ వెంటపడతారు. అమ్మాయికి ఇది ఆడాలని ఉంటుంది, ఒంటరిగా ఆడాలంటే భయం. అందుకని కంట్రోలర్ నా చేతికిచ్చి, నా భుజం వెనక దాక్కుని డైరెక్షన్ ఇస్తుంది. ఎడమ పక్క నాన్నా, కాదు నీ ఎడమ కాదు నా ఎడమ!

మొత్తం ఆస్పత్రిని వెతకడానికి ఏడు తూటాలు ఇచ్చారు. పిసినారితనం అంటే ఇది. అయితే ఆట పట్టు అందులోనే ఉంది. ప్రతి తూటాకీ ఆలోచించాలి. చాలాసార్లు కాల్చడం కంటే తలుపేసుకోవడం మేలు.

ఒక చోట లిఫ్టు వచ్చింది. రెండు అంతస్తుల మధ్య ఆగి, తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. అలా ఎలా తెరుచుకుంటాయి? లాక్ ఉంటుంది కదా! పెట్టె అంతస్తుకి రాకుండా తలుపు తెరుచుకోదు. నేను ఆట ఆపేసి అమ్మాయికి పావుగంట వివరించాను. ఆ పావుగంటా దయ్యం నోరు తెరుచుకుని స్క్రీన్ మీద అలాగే నిలబడి ఉంది. అది కూడా వింటున్నట్టే ఉందని అమ్మాయి ఒకటే నవ్వు.

మార్చి 17, ఉదయం 10.00

మిద్దెల మీద పరుగెత్తే గేమ్. ఒక మిద్దె మీంచి ఇంకో మిద్దెకి గెంతాలి, గొట్టాలు పట్టుకుని వేలాడాలి. పట్నమంతా కింద బొమ్మరిల్లులా కనిపిస్తుంది. అందమైన ఆట. ఎండ కూడా నిజం ఎండలా ఉంది.

మొదటి గెంతులోనే చేతులు చెమటలు పట్టాయి. కంట్రోలర్ జారిపోయింది. పడిపోతున్నప్పుడు గాలి చప్పుడు వినిపిస్తుంది. ఎవరు రికార్డు చేశారో గానీ, ఆ చప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది.

మార్కులు వెయ్యను. తప్పు ఆటది కాదు.

మార్చి 18

మళ్లీ పెట్టలేదు. కంట్రోలర్‌లో చార్జింగ్ లేదని చెప్పాను. ఉంది.

మార్చి 22, సాయంత్రం 5.15

అమ్మాయికి పరీక్షలు. తను రోజూ ఆడే తాడు గేమ్‌ని నాకు అప్పజెప్పింది. ఇద్దరు ఆడాల్సిన ఆట. రెండోవాడు వాళ్లింట్లోంచి ఆడతాడు. ఎవరో ఫ్రెండ్, మాట్లాడడు, ఊరికే ఆడతాడంతే, మధ్యలో వదిలేస్తే బాగుండదు అంది. స్క్రీన్ మీద అతని పేరు 'కోడిపిల్ల'.

కొండెక్కేవాళ్లు ఇద్దరు. ఇద్దరి నడుములకీ ఒకటే తాడు. పైనుంచి రాళ్లు, పక్కల నుంచి గద్దలు, వెనక నుంచి తరుముకొచ్చే మంచు తుఫాను. పైనున్నవాడు రాతిలో మేకు దిగ్గొట్టి, తాడు బిగించి, ఈల వెయ్యాలి. ఈల వినబడ్డాక కిందివాడు దూకాలి. ఇంతే ఆట. కానీ తుఫాను వీపు మీదికొచ్చేస్తుంటే ఈల కోసం ఆగడం ఉంది చూశారూ, తలుపాయనతో పోరాటం దీని ముందు ఏపాటి!

(చూశారూ అని ఎవరితో అంటున్నానో నాకే తెలియదు.)

మార్చి 26, సాయంత్రం 6.00

కోడిపిల్ల మంచి ఆటగాడు. తొందరపడడు. నేను తప్పుగా దూకి ఇద్దర్నీ పడేసినా విసుక్కుని వెళ్లిపోడు. మళ్లీ కింద నుంచి మొదలుపెడతాడు. గద్ద వస్తే ముందు నా మీది గద్దని కొట్టి, తర్వాత తన మీది గద్దని కొడతాడు.

ఈ పది రోజుల్లో... లేదు, నాలుగు రోజులే అయింది. పది రోజుల నుంచి తెలిసినవాడిలా ఉన్నాడు.

ఇప్పటిదాకా ఆడినవాటిలో మనిషి ఉన్న గేమ్ ఇదొక్కటే.

మార్చి 29

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి కాలు వంచమంది. వంగలేదు. మీ నాన్న గేముల్లో చూపించే పట్టుదలలో సగం ఇక్కడ చూపిస్తే చాలని మా అమ్మాయితో చెప్పి వెళ్లింది. చాడీలు చెప్పుకోవడానికి ఇద్దరికీ బాగా కుదిరింది.

ఏప్రిల్ 2, సాయంత్రం 5.40

కోడిపిల్ల ఎవరో తెలిసింది.

ఆటలో ఒక ఈల చాలు. అందరూ ఒకటే వేస్తారట. అతను రెండు వేస్తాడు. ఒకటి వేసి, ఆగి, తాడు లాగి చూసుకుని, మళ్లీ ఒకటి. ఇవాళ తుఫాను సరిగ్గా మా వెనకే ఉంది, అయినా ఆగి రెండోది వేశాడు. ఆ ఆగడం నాకు తెలుసు. పన్నెండేళ్లుగా వాకీటాకీలో విన్నాను. "ఆగింది బావా." కాసేపు ఏమీ ఉండదు. బ్రేకు ఇంకోసారి చూసుకుంటాడు. "ఆగింది."

అమ్మాయిని పిలిచి, మీ మామయ్యా అని అడిగాను. పుస్తకం మీంచి తలెత్తకుండా అవునంది. నేను ఆడుతున్నానని వాడికి తెలుసా అన్నాను. మొదటి రోజు నుంచీ తెలుసు నాన్నా అంది. మరి అమ్మకి? తల అడ్డంగా ఊపింది.

మొదటి రోజు నుంచీ తెలుసు. అయినా ముందు నా మీది గద్దనే కొట్టాడు.

ఏప్రిల్ 3

ఆడాను. తెలిసినట్టు చూపించలేదు.

ఏప్రిల్ 5

ఇవాళ కూడా.

ఏప్రిల్ 6, సాయంత్రం 6.10

చివరి శిఖరం. బుడ్డోడు పైన ఉన్నాడు, నేను కింద. తుఫాను తెల్లగా స్క్రీన్ సగం దాకా వచ్చేసింది. నేను దూకేశాను. ఇద్దరం పడిపోయాం.

ఇంతకుముందు కూడా పడ్డాం. కానీ చివరి శిఖరం మీద పడితే ఆ పడిన తీరంతా నెమ్మదిగా మళ్లీ చూపిస్తారు. పైనున్న మనిషి చేతిలో సుత్తి, మేకు సగమే దిగింది, వంగి కొడుతున్నాడు. కింద నేను, గాల్లో. కింద అక్షరాలు వచ్చాయి. 'మొదటి ఆటగాడు ముందే దూకాడు.'

మొదటి ఆటగాణ్ణి నేను.

టీవీ ఆపేశాను. కట్టు కింద కాలు దురద పెడుతోంది. అమ్మాయి గదిలో చదువుకుంటోంది. మా ఆవిడ ఇంకా రాలేదు. వచ్చేలోపు ఇది రాసెయ్యాలి.

ఆ రోజు ఒకాయన మూడో అంతస్తు వరండాలో నిలబడి, ఇంకెంతసేపయ్యా అని గొణుగుతున్నాడు. చేతిలో రెండు బరువైన సంచులు. "అయిపోయింది సార్, ఒక్క నిమిషం" అని అతని వైపు తిరిగి చెబుతూనే కాలు పెట్టాను. లోపలికి చూడలేదు. వాకీటాకీ నా నడుముకే ఉంది. అందులోంచి ఏమీ రాలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పే మనిషి వాడు. ఆ రోజు ఒక్కసారి కూడా అనలేదు.

ఆస్పత్రిలో సేఫ్టీ ఆఫీసర్ వంగి, అతను ఆగిందని చెప్పాడా అని అడిగాడు. తల ఊపాను. నొప్పి ఉంది, మందులున్నాయి, నిజమే. కానీ తల ఊపుతున్నప్పుడు నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు, కొత్తవాళ్లకి 'చూడకుండా కాలు పెట్టొద్దు' అని క్లాసులు పీకే మనిషిని. పరువు పోతుందనిపించింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

ఏప్రిల్ 8

తుపాకుల గేమ్ ఆడాను. ఎక్కువసేపు గోడ చాటునే కూర్చున్నాను. గాయాలు మానిపోయాక కూడా లేవలేదు. సైనికుడు ఊపిరి పీల్చడం వినిపిస్తూ ఉంది. ఎవరూ రాలేదు. కూర్చున్నవాణ్ణి ఈ ఆట ఏమీ అనదు. మూడు మార్కులు కూడా ఎక్కువే.

ఏప్రిల్ 10, సాయంత్రం 7.00

మా ఆవిడకి చెప్పాను.

షాపు నుంచి వచ్చి మంచం అంచున కూర్చుని తన కళ్లజోడు తుడుచుకుంటోంది. మొత్తం చెప్పాను, సంచుల పెద్దమనిషితో సహా. ఆమె తుడవడం ఆపలేదు. ఒక అద్దం, తర్వాత రెండో అద్దం, మళ్లీ మొదటిది. అరుస్తుందనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని నన్ను చూసింది.

"వాడు రెండుసార్లు వచ్చాడు" అంది. "మీరు నిద్రపోతున్నారు. పళ్లు తెచ్చాడు. తలుపు సందులోంచి మాట్లాడి పంపించేశాను. పళ్లు కూడా తీసుకోలేదు."

నాకు తెలియదన్నాను.

"మీకు తెలియదు. వాడు మీకు చెప్పడు. చెప్పే రకమైతే ఇంతదాకా ఎందుకొస్తుంది?"

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తమ్ముడి ఇల్లు నాలుగు వీధుల అవతల. ఏడయింది, ఇంకా రాలేదు. అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. అన్నీ వినే ఉంటుంది. మన గోడలు ఎంత మందమని! కాసేపటికి, నువ్వు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా నాన్నా అంది. వేసుకోలేదు.

ఏప్రిల్ 11, ఉదయం 9.30

బుడ్డోడు వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావడం అలవాటు, పొడుగు కదా. ఇవాళ మామూలు కంటే ఎక్కువ వంచాడు.

నేనే మొదలుపెట్టాను. తప్పు నాదిరా, నువ్వు ఆ మాట అననే లేదు అన్నాను. క్షమించమని అడగడానికి రెండు రోజులు మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

వాడు కోప్పడతాడనుకున్నాను. కుర్చీలో కూర్చుని నా మొహంలోకి చూసి, "అయితే నేను అనలేదా బావా?" అన్నాడు.

అనలేదన్నాను.

"నిజంగా?"

నిజంగా అన్నాను.

"నువ్వు చెప్పావు కదా, అనే ఉంటానని అనుకున్నాను. ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నానో. పోను పోను నా గొంతే నాకు వినిపించడం మొదలుపెట్టింది. ఆగింది, ఆగింది అని. స్టోర్స్‌లో నట్లు లెక్కపెడుతుంటే కూడా అదే." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "నా చేతుల్తో నిన్ను పడేశాననుకున్నాను బావా."

రెండు నెలలు వాడు ఉద్యోగం పోతుందని దిగులు పడుతున్నాడని అనుకున్నాను. వాడు దిగులు పడ్డది దానికి కాదు. ఇంతకంటే రాయలేను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చివరి శిఖరం దగ్గర నువ్వు కాస్త ఎడమకి నిలబడితే తుఫాను అంత తొందరగా తగలదు అని చెప్పాడు.

ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2.00

చేతికర్రల సాయంతో ఆఫీసుకి వెళ్లాను. పొడవాటి బల్ల, ముగ్గురు. బుడ్డోడు చివర కూర్చున్నాడు.

వాంగ్మూలం తప్పని చెప్పాను. సేఫ్టీ ఆఫీసర్ మంచివాడు. నా కాలు చూసి, మందుల మత్తులో చెప్పారు, ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది, అంతేగా అన్నాడు. రాయడం కూడా మొదలుపెట్టాడు. ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. నా కళ్ల ముందే ఒక గోడ కట్టి, చాటున కూర్చోమన్నట్టుంది.

కాదు సార్ అన్నాను. జ్ఞాపకం రావడం కాదు, అప్పుడూ తెలుసు, తెలిసే తల ఊపాను, అలాగే రాయండి అన్నాను. ఆయన పెన్ను ఆపాడు. మొదటి వాక్యం కొట్టేసి మళ్లీ రాశాడు. సంతకం పెట్టాను.

బయటికి వస్తుంటే మెట్లున్నాయి. మూడో మెట్టు దగ్గర కర్ర తడబడింది. ఒక చెయ్యి చంక కింద దూరి పట్టుకుంది. ఎవరిదో చూడక్కర్లేదు.

ఏప్రిల్ 23

ఉత్తరం వచ్చింది. బుడ్డోడి పర్మిట్ తిరిగి ఇచ్చారు. నా తాళంచెవి ఏడాది పాటు వెనక్కి తీసుకున్నారు. కాలు బాగయ్యాక వాడి కింద సహాయకుడిగా పనిచేయాలి. ఉత్తరంలో 'హెచ్చరిక' అన్న మాట నాలుగు సార్లు ఉంది.

అమ్మాయి చదివి, అంటే ఇక మామయ్య ఫస్ట్ ప్లేయరా అంది.

మే 6, ఉదయం

కట్టు తీశారు. కాలు పాలిపోయి, సన్నబడి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది.

మిద్దెల గేమ్ మళ్లీ పెట్టి చూశాను. నిజం చెప్పేశాను కదా, భయం కూడా పోయి ఉంటుందనుకున్నాను. పోలేదు. చేతులు అలాగే చెమటలు పట్టాయి. అయితే ఇవాళ తువ్వాలు పక్కన పెట్టుకున్నాను. తుడుచుకుంటూ మూడు మిద్దెలు దాటాను. నాలుగో మిద్దె మీద ఒక పిల్లి కూర్చుని ఉంది. దాని పక్కనే చాలాసేపు నిలబడ్డాను. ఈ గేమ్ తీసినవాళ్లెవరో గానీ మంచి మనసున్నవాళ్లు.

ఆరు మార్కులు. మిగతా మిద్దెలు చూశాక పెంచుతాను.

మే 18, ఆదివారం, సాయంత్రం 5.00

బుడ్డోడు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. మేమిద్దరం బాగానే ఉన్నాం. శిఖరం ఎక్కేశాం కూడా, ఎడమకి నిలబడి.

అక్కాతమ్ముళ్లే బాగా లేరు. తగాదా లేదు. అదే బాధ. మా ఆవిడ వాణ్ణి, కూర్చో, ఫ్యాన్ వెయ్యనా, టీలో చక్కెర సరిపోయిందా అని అడుగుతోంది. వాడు సరిపోయిందక్కా అంటున్నాడు. వాడికి చక్కెర ఎంతో ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లుగా తెలుసు. ఇదివరకు వాడొస్తే, పొద్దున్నే తగలడ్డావా అనేది. ఇప్పుడు కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేస్తోంది. నాతో మామూలుగానే ఉంది. ఆ రాత్రి అరవకపోయినా, తర్వాత వారం పాటు నన్ను తిట్టి కోపం తీర్చుకుంది. వాడి దగ్గర తీర్చుకోవడానికి ఏమీ లేదు. వాడు ఒక్క మాట అనడు, అంటే పడదామని ఆమె చూస్తోంది.

విరగ్గొట్టింది నేను. అతికించడం నాకు చేతకావడం లేదు.

మే 25

అదే మర్యాద. వెళ్లేటప్పుడు 'థాంక్స్ అక్కా' అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది.

జూన్ 1, ఆదివారం, సాయంత్రం 5.30

అమ్మాయి కొత్త గేమ్ తెచ్చింది. ముష్టియుద్ధం. కథ లేదు, శిఖరం లేదు, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తన్నుకోవడమే. ఇలాంటివాటి మీద నాకు సదభిప్రాయం లేదు. అయిదు మార్కులు దాటవు అనుకున్నాను.

కంట్రోలర్లు రెండు. ఒకటి మామయ్యకిచ్చి, రెండోది వాళ్లమ్మ చేతిలో పెట్టింది.

సాయంత్రం 7.00

పదకొండు, ఏడు. పదకొండు మా ఆవిడవి. వాడి భుజం చూసి కొడుతోంది, స్క్రీన్ మీద కాదు, సోఫాలో పక్కన కూర్చున్నవాడి భుజం. అది దొంగాట అని వాడు గోల. చిన్నప్పటి నుంచీ నువ్వంతే అన్నాడు. నోరు మూసుకుని ఆడరా దున్నపోతా అని మోచేత్తో డొక్కలో పొడిచింది. ఆ దెబ్బ గేమ్‌లో లేదు.

నాకు సోఫా మీద చోటు లేదు. లెమ్మంటే ఇద్దరూ లేవడం లేదు. వంట నాది.